పలుకు మీద దింపాలి

మా ఇంట్లో రాత్రి భోజనాలకి పెద్దదిక్కు హాట్‌ప్యాక్. ఆరున్నరకి అమ్మ కుక్కర్ పెడుతుంది. ఏడయ్యేసరికి అన్నం హాట్‌ప్యాక్‌లోకి మారుతుంది. పక్కన పొద్దుటి కూర, పప్పు, పెరుగ్గిన్నె. ఇక అక్కణ్ణించి ఎవరి టైంటేబులు వాళ్ళది. సీరియల్ మొదలయ్యేలోపు అమ్మ తినేస్తుంది. ట్యూషన్ నుంచి వచ్చి చిన్నది ఎనిమిదికి తింటుంది. నాంపల్లిలో ఆఫీసు ముగించుకుని, మెట్రోలో నిలబడే వచ్చి, కేపీహెచ్‌బీలో దిగి నేను ఎనిమిదిన్నరకి. అమెరికా వాళ్ళతో మీటింగు అయ్యాక మా ఆవిడ తొమ్మిదిన్నరకి. ఇంటర్ చదివే పెద్దాడు ఎప్పుడు తింటాడో హాట్‌ప్యాక్ మూతకే తెలియాలి. ఒకటే అన్నం, అయిదు భోజనాలు.

దీన్ని నేనేమీ పెద్ద లోటనుకోలేదు. పైగా సౌకర్యం అనుకున్నాను. అన్నానికి ఓర్పెక్కువ. ఎవరొచ్చినా రాకపోయినా ఏమనదు. చల్లారితే వేడి చేసుకోవచ్చు, మిగిలితే పొద్దున్న పులిహోర కలుపుకోవచ్చు. ఇల్లాలు అలిగినా, పిల్లలు ముఖం మాడ్చుకున్నా, అన్నం మాత్రం ఎప్పుడూ అలగలేదు.

అలిగే తిండి ఒకటి మా ఇంటికి వచ్చాకే నాకు ఈ తేడా తెలిసింది.

అది చిన్నదాని చెయ్యి పట్టుకుని వచ్చింది. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళొచ్చి, అక్కడ పాస్తా పెట్టారనీ మన ఇంట్లో ఎందుకు చెయ్యరనీ వారం రోజులు నస పెట్టింది. బుధవారం దానికి ట్యూషన్ ఉండదు. మా వీధిలో అంగడి పెట్టేదీ ఆ రోజే. టమాటాల కోసమని నేను ఆఫీసు నుంచి కాస్త ముందే బయటపడతాను. మా ఆవిడ మీటింగు ఆ రోజు ఎనిమిదిన్నరకి గానీ మొదలవదు. “సరే, బుధవారం రాత్రి వంట నాది” అనేశాను. అనేసే ముందు ఆలోచించాల్సింది.

ప్యాకెట్ వెనక రాసింది చదివే అలవాటు మా వంశంలో లేదు. వండటమంటే నాకు తెలిసిన లెక్క ఒక్కటే: గ్లాసుకి రెండున్నర గ్లాసులు, మూడు కూతలు. అదే చేశాను. కుక్కర్ మూత తీసి చూస్తే లోపల గొట్టాలు లేవు. అన్నీ ఒకదాన్నొకటి కావలించుకుని, మైనం రంగులో ఒకే ముద్ద. గరిటె గుచ్చితే గరిటెతో పాటు గిన్నె కూడా లేచింది.

అమ్మ తొంగి చూసింది. “ఏరా, గోడలకి సినిమా పోస్టర్లేవన్నా అంటించాలా?” అంది.

పాస్తా అన్న ఇటాలియన్ మాటకి తడిపి కలిపిన పిండి అని అర్థమట. ఇంగ్లీషులో జిగురుని పేస్ట్ అనడం కూడా ఆ కుదురు నుంచి వచ్చిందేనని తరవాత చదువుకున్నాను. మా అమ్మ కోనసీమ దాటి చూసిన విదేశం హైదరాబాదే. అయినా ఒక్క చూపులో మాట మూలం దాకా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అందరం పెరుగన్నం తిన్నాం, మళ్ళీ ఎవరి వేళకి వాళ్ళం. పడుకోబోయే ముందు అమ్మ అంది: “దాన్ని కుక్కర్లో ఎందుకు పడేశావురా? శుభ్రంగా గంజి వార్చుకోవచ్చుగా.”

నాకు ఒక్కసారిగా మా ఊరి వంటిల్లు కళ్ళముందు కట్టింది. పొయ్యి మీద ఇత్తడి గిన్నె. సలసలా కాగే ఎసరు. అందులో పడగానే ఒక్క క్షణం చప్పబడి, మళ్ళీ పొంగుకొచ్చే బియ్యం. అమ్మ గరిటెతో నాలుగు మెతుకులు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసేది. అయిందనిపిస్తే సిబ్బి మూసి, రెండు చేతుల్లో మసిగుడ్డలు పట్టుకుని, గిన్నెని మరో గిన్నె మీదకి వంచేది. తెల్లటి గంజి ధారగా దిగేది. వంటిల్లంతా ఆవిరి. ఆ గంజిలో ఉప్పేసి మజ్జిగ కలిపి మాకు తలో గ్లాసు ఇచ్చేది. మిగిలింది నాన్న పంచెలకి. కుక్కర్ కొన్నాక ఇవన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. సిబ్బి అటకెక్కింది. గంజి అన్నంలోనే ఇంకిపోయింది. మెతుకు నొక్కి చూసే పని కూత చేసి పెడుతోంది. నలభై ఏళ్ళుగా ఎవరమూ ఏమీ పోగొట్టుకున్నామనుకోలేదు.

ఇప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఒక గొట్టాన్ని వండాలంటే ఆ విద్యే మళ్ళీ కావాల్సి వచ్చింది.

మరుసటి బుధవారం నేను బుద్ధిగా చదువుకుని దిగాను. ఇటాలియన్ల లెక్క గుర్తుపెట్టుకోవడానికి తేలిక: 100 గ్రాముల పాస్తాకి ఒక లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. మేం అయిదుగురం, 400 గ్రాములు. అంటే 4 లీటర్ల నీళ్ళు, 40 గ్రాముల ఉప్పు. ఉప్పు తూచి గిన్నెలో పోస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఊరగాయ పెడుతున్నావా?”

“వార్చేస్తాం కదమ్మా, చాలామట్టుకు నీళ్ళతోనే పోతుంది.”

“పోతే గంజి ఎవడు తాగుతాడు?”

ఇటలీకీ కోనసీమకీ మా వంటింట్లో సంధి కుదిరింది. 3 లీటర్ల నీళ్ళు, 20 గ్రాముల ఉప్పు. మొదట్లో అదీ ఎక్కువే అంది గానీ, తరవాత తాను తాగబోయే గంజిలో రెండింతలు మజ్జిగ పోసుకుని సరిపెట్టుకుంది. నీళ్ళు ఎక్కువ ఎందుకంటే, ఉడికే పిండిలోంచి గంజి నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు తక్కువైతే ఆ గంజి చిక్కబడి గొట్టాలన్నిటినీ అతికిస్తుంది. ఎసరు బాగా మరుగుతుండాలి. వేసిన మొదటి నిమిషంలో రెండు మూడుసార్లు అడుగంటా కలపాలి, ఎందుకంటే అతుక్కునేది అప్పుడే. నీళ్ళలో చెంచాడు నూనె పోస్తే అతుక్కోదని ఎవరో చెప్పారని మా ఆవిడ అంది. పోసి చూశాం. నూనె పైన తేలుతూ తన మానాన తాను కూచుంది, పాస్తా కింద తన మానాన తాను ఉడికింది. పక్కపక్క గదుల్లో మేమున్నట్టే.

ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంది. నేను ఫోనులో టైమర్ పెట్టాను.

“గడియారం చూసి దింపుతారట్రా ఎవరైనా?” అని అమ్మ తొమ్మిదో నిమిషంలో గరిటె లాక్కుంది. ఒక గొట్టం తీసి, ఊది, మెతుకు నొక్కినట్టే వేళ్ళ మధ్య నొక్కింది. తరవాత గోటితో రెండుగా తుంచి దీపం వైపు పట్టుకుంది. కళ్ళజోడు లేకపోయినా ఈ పనికి ఆవిడ కళ్ళు బాగానే పనిచేస్తాయి. “ఇదిగో, చూడు” అంది. తుంచిన చోట పసుపుపచ్చని గోడ మధ్యలో సన్నటి తెల్ల గీత, సుద్దముక్కతో గీసినట్టు.

“పలుకుంది. ఇంకొక్క నిమిషం. ఆ పలుకు పూర్తిగా పోకుండానే దింపెయ్యాలి. దింపాక కూడా లోపలి వేడికి ఉడుకుతుంది.”

ఇదే మాట చెప్పడానికి ఇటాలియన్లు ‘అల్ దెంతే’ అంటారు. పంటికి తగిలేలా, అని. ప్రపంచంలోని వంట పుస్తకాలన్నీ ఆ మాటని ఇటాలియన్‌లోనే రాస్తాయి, దానికి ఇంకో భాషలో మాట లేనట్టు. మనకి ఎప్పణ్ణించో ఉంది. పులిహోరకి అన్నం పలుకుగా ఉండాలంటాం, బిర్యానీకి బియ్యం పలుకు మీద వార్చాలంటాం. ఆ తెల్ల గీత నీళ్ళు ఇంకా చేరని చోటు. నీళ్ళూ వేడీ పైనుంచి లోపలికి ఇంకుతుంటే పిండి రేణువులు ఉబ్బి మెత్తబడతాయి. గీత పూర్తిగా మాయమైందంటే మెత్తబడటం మధ్య దాకా వచ్చిందన్నమాట. ఆపైన ఇక ముద్దే.

అన్ని పాస్తాలూ పలుకు నిలబెట్టుకోవు. మా వీధి చివరి దుకాణంలో రెండు రకాలుంటాయి. చవకది తెల్లగా ఉంటుంది, మైదాతో చేసింది. రెండోది తేనెరంగులో ఉంటుంది, డ్యూరం గోధుమ రవ్వది. డ్యూరం గింజ చాలా గట్టిది. అందులోని మాంసకృత్తులు వలలా అల్లుకుని పిండిని పట్టి ఉంచుతాయి, అందుకని ఉడికినా ఆకారం చెడదు. ఎండు పాస్తా డ్యూరం గోధుమతోనే చెయ్యాలని ఇటలీలో 1967లో ఏకంగా చట్టమే చేశారు. అమ్మకి ఈ చట్టం సంగతి నేను గొప్పగా చెబుతుంటే, ఉడికిన ముక్క నోట్లో వేసుకుని “బన్సీ రవ్వ ఉప్మాలా ఉందిరా” అంది. పొరపాటేం కాదు. బన్సీ కూడా డ్యూరం జాతి గోధుమే.

ఎసరు కాగే పావుగంటలో పులుసు, అంటే వాళ్ళ భాషలో సాసు, అయిపోవాలి. ఇది నాకు చేతనైన ఒక్క వంట కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోనివ్వండి. బాణలిలో వేరుశెనగ నూనె. ఆలివ్ నూనె ఒకసారి కొన్నాం, సీసా ధర చూశాక రెండోసారి కొనలేదు. పది వెల్లుల్లి రెబ్బలు పల్చగా తరిగి, నూనె చల్లగా ఉండగానే వేసి, అప్పుడు సన్నమంట మీద పెట్టాలి. ఇక్కడే తాలింపు అలవాటున్న చెయ్యి తప్పు చేస్తుంది. మనం నూనె కాగేదాకా ఆగుతాం, ఎందుకంటే ఆవాలకి చిటపట కావాలి. వెల్లుల్లికి చిటపట పనికిరాదు. నెమ్మదిగా వేడెక్కే నూనెలో అది తన వాసనంతా వదిలి, అంచులు లేత బంగారు రంగుకి తిరుగుతుంది. గోధుమరంగు దాటిందా, చేదే. రెండు ఎండుమిర్చి తుంపి వేస్తాను. ఆ వెంటనే ముప్పావు కిలో టమాటా ముక్కలు, ఉప్పు. అంగట్లో నాటు టమాటా దొరికిన వారం పులుపు బాగుంటుంది. హైబ్రిడ్ దొరికిన వారం అమ్మ చిటికెడు చింతపండు అడుగుతుంది. ఇంకా ఇవ్వలేదు.

పదినిమిషాలకి టమాటా మగ్గిపోయి నూనె పక్కకి తేరుతుంది. మన కూరకైతే అదే ఆనవాలు, ఇక దింపెయ్యడమే. పాస్తాకి అక్కడే అసలు పని మొదలు. వార్చబోయే ముందు రెండు గరిటెల గంజి తీసి బాణలిలో పోసి, పాస్తా కూడా అందులోనే వేసి, మంట పెంచి గబగబా కలపాలి. అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న నూనే, టమాటా రసమూ ఉన్నట్టుండి ఒకటైపోతాయి. ఎర్రటి రసం చిక్కబడి, నిగనిగలాడుతూ ప్రతి గొట్టానికీ పూతలా పడుతుంది. గంజిలోని పిండి నూనెని నీళ్ళ నుంచి విడిపోనివ్వదు. “పులుసులో బియ్యప్పిండి కలిపితే దగ్గరపడదూ, అదేగా” అంది అమ్మ. అదే. మొదటి రోజుల్లో నేను వార్చిన పాస్తాని చన్నీళ్ళతో కడిగేవాణ్ణి, అతుక్కోకుండా ఉంటుందని. నూనెకీ టమాటాకీ పెళ్ళి చేసే పెద్దమనిషిని సింకులోకి పంపేసి, కాపురం ఎందుకు కుదరలేదా అని చూసేవాణ్ణి.

పైన చల్లడానికి బేసిల్ ఆకు ఉంటే బాగుంటుందని చిన్నది ఎక్కడో చూసి, పెరటి బాల్కనీలో తులసికోట వైపు నడిచింది. “తులసమ్మనా!” అని నానమ్మ వేసిన కేకకి పిల్లిలా ముడుచుకుంది. తరవాత అమ్మే దారి చూపింది. ఎండాకాలం షర్బత్‌లో వేసే సబ్జా గింజల డబ్బా తీసి, చిటికెడు గింజలు పాత పెయింటు డబ్బాలో చల్లింది. సబ్జా మొలిస్తే రుద్రజడ, రుద్రజడే బేసిల్. ఇటలీ ఆకంత వెడల్పుగా రాలేదు, కొంచెం ఘాటెక్కువ. మా ఊరిదే కదా, ఆ మాత్రం ఉంటుంది.

గొట్టాలు ఉడికే ఆ పది నిమిషాలు పిల్లలు వంటింటి గుమ్మంలో నిలబడేవాళ్ళు, ఆకలికో వాసనకో. అలా నిలబడి కబుర్లు మొదలయ్యాయి. పెన్నే అంటే ఏమిటని చిన్నది అడిగింది. ఈకలు, అన్నాను. వెనకటికి పక్షి ఈక మొనని ఏటవాలుగా చెక్కి కలంగా రాసేవాళ్ళు కదా, ఆ కోత. అలా ఏటవాలుగా కోసే యంత్రానికి 1865లో జెనోవా దగ్గరి కపుర్రో అనే పాస్తా తయారీదారు పేటెంటు తీసుకున్నాడు. నువ్వు స్కూలుకి పట్టుకెళ్ళే పెన్నూ, నీ పళ్ళెంలో పెన్నే ఒకే లాటిన్ ఈక నుంచి రాలాయి. ఫర్ఫాల్లే అంటే సీతాకోకచిలుకలు. ఒరెక్కియెత్తే అంటే బుల్లి చెవులు. వెర్మిచెల్లీ అంటే చిన్న పురుగులు.

“అంటే సేమియా ప్యాకెట్ మీద ఉండేది అదేనా?” అన్నాడు పెద్దాడు. “నానమ్మా, ఇన్నాళ్ళూ పాయసంలో పురుగులు పోశావా?”

అమ్మకి ఆ మాట పట్టలేదు. ఆవిడ వేరే దేని గురించో ఆలోచిస్తోంది. నాచేత అటక మీది పెట్టె దింపించి, పాత చీర మూటలోంచి ఒక చెక్క తీసింది. అరచేతి పొడుగున సన్నసన్న గాళ్ళు చెక్కిన గవ్వల చెక్క. దాని మీద మైదా ఉండ పెట్టి బొటనవేలితో నొక్కి అలా జార్చగానే గవ్వలా ముడుచుకుంటుంది, వీపు మీద చారలతో. నేను ఫోనులో సార్డీనియా దీవి ఆడవాళ్ళు మల్లొరెద్దుస్ చేస్తున్న వీడియో చూపించాను. అదే చెక్క, అవే గాళ్ళు, అదే బొటనవేలు, అదే విసురు. రవ్వ పిండి మాత్రం వాళ్ళది. “చారలెందుకనుకున్నావు? పాకం పట్టుకోడానికి” అంది అమ్మ. వాళ్ళకి పులుసు పట్టుకోడానికి. ఇద్దరూ ఎక్కడా కలుసుకోలేదు. బొటనవేలికి తెలిసిన సంగతి రెండు చోట్లా ఒకటే.

“కాకపోతే మనది తీపి” అన్నాడు పెద్దాడు, ఏదో తేడా పట్టుకున్నట్టు. నిజానికి వాళ్ళదీ ఒకప్పుడు తీపే. రోములో పోప్‌ల వంటవాడు బార్తొలొమెయో స్కప్పి 1570లో అచ్చేసిన వంట పుస్తకంలో పాస్తా మీద జున్నుతో పాటు చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లమంటాడు. టమాటా అమెరికా నుంచి ఓడెక్కి ఇటలీ చేరాక కూడా రెండు వందల ఏళ్ళకి పైగా పాస్తాతో దానికి చుట్టరికం కలవలేదు. ఇంతలో పెద్దాడు తన చదువు బయటపెట్టాడు: మార్కో పోలో కదా చైనా నుంచి తెచ్చింది? కాదు. మార్కో పోలో వెనిస్‌కి తిరిగొచ్చింది 1295లో. అంతకి ముందే, 1154లో, అల్ ఇద్రీసీ అనే భూగోళ శాస్త్రవేత్త సిసిలీలోని త్రబియా అనే ఊళ్ళో గోధుమపిండి దారాలు చేసి ఓడల్లో దేశదేశాలకి పంపుతున్నారని రాశాడు. “పేరు మాత్రం పోలోకి వచ్చింది” అన్నాడు పెద్దాడు. “గ్రూపు ప్రాజెక్టులో మా క్లాసువాడికి వచ్చినట్టు.” కాలేజీ గురించి ఆ నెలలో వాడు నాతో అన్న మొదటి వాక్యం అదేననుకుంటాను.

అయినా ఇదంతా వంటింటి గుమ్మం దాకానే. మూడో బుధవారం నేను మళ్ళీ పాత బుద్ధి చూపించాను. పాస్తా కుదిరింది, పలుకు మీద దిగింది. చక్కగా తీసుకెళ్ళి హాట్‌ప్యాక్‌లో పెట్టి మూతేశాను. “పెట్టాను, ఎవరికి కావాల్సినప్పుడు వాళ్ళు తినండి” అని ఇంట్లోకి ఒక కేక. నోటికి అలవాటైన కేక అది.

మా ఆవిడ మీటింగు నుంచి లేచి తొమ్మిదిన్నరకి మూత తీసింది. నేను పక్కనే ఉన్నాను. రసమంతా గొట్టాలు తాగేశాయి. ఒక్కొక్కటీ ఉబ్బి, పొట్టలు పగిలి, పైన ఆవిరి నీళ్ళు కారి, అడుగున గట్టిపడి ఉన్నాయి. చెంచాతో ఒక ముక్క కోసుకుంది. కోసుకుంది అంటే నిజంగానే కోసుకుంది, కేకులాగ. తిని, “బావుందండీ” అంది. పదిహేడేళ్ళ కాపురంలో ఆ ‘అండీ’ని ఎలా వినాలో నాకు తెలుసు.

ఆ రాత్రి మాకు ఒక రూలు వచ్చింది. పాస్తా మన కోసం ఆగదు, మనమే దాని కోసం ఆగాలి. ఎసరు మరిగే సమయానికి అందరికీ కబురెళ్ళాలి. పాస్తా నీళ్ళలో పడ్డాక పది నిమిషాలు. అది దిగేసరికి అయిదు పళ్ళేలూ, అయిదుగురు మనుషులూ బల్ల దగ్గర ఉండాలి.

బల్ల దగ్గర అంటే ముందు బల్ల కనపడాలి. మా డైనింగ్ టేబుల్ మీద అప్పటికి ఇస్త్రీ బట్టల దొంతర, మూడు ఛార్జర్లు, అమ్మ మందుల డబ్బా, కరెంటు బిల్లులు, రెండు కొరియర్ అట్టపెట్టెలు కాపురం ఉంటున్నాయి. వాటిని ఖాళీ చేయిస్తే కింద చెక్క కనిపించింది. కుర్చీలు నాలుగే. అయిదోది బాల్కనీలోని ప్లాస్టిక్ స్టూలు, వారానికొకరి వంతు. పెద్దాడు అమూల్ చీజ్ క్యూబులు తురుముతాడు. కొబ్బరి తురుముకున్నట్టు వేలు కూడా తురుముకోకుండా చూడటం చిన్నదాని పని.

అమ్మ మొదటి రోజు ఫోర్కుతో తిప్పలు పడింది. గొట్టం ఫోర్కు నుంచి జారి సీరియల్ విలన్‌లా ఎటో పోయేది. రెండో వారం ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తినేసింది. చిన్నది ముసిముసిగా నవ్వితే నేను పాత ఫొటోలు తీసి చూపించాను. 19వ శతాబ్దంలో నేపుల్స్ వీధుల్లో బండి దగ్గర నిలబడి, తల వెనక్కి వాల్చి, చేత్తో పైకెత్తిన మకరోనీ నోట్లోకి వదులుకుంటున్న జనం. మా అమ్మే నయం, కింద పడెయ్యకుండా తింటోంది. అప్పణ్ణించి బల్ల మీద ఫోర్కులు అయిదు నుంచి రెండుకి తగ్గాయి.

వేడిగా తినెయ్యాలి కాబట్టి మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఆ తరవాత పళ్ళెం ఖాళీ అవడానికి ఒక పావుగంట పడుతుంది. లేచి వెళ్ళడానికి వీల్లేని పావుగంట. మా ఇంట్లో అలాంటి పావుగంట ఎప్పణ్ణించి కరువైందో నాకు గుర్తులేదు. ఒక బుధవారం చీజ్ తురుముతూ, తల ఎత్తకుండా, “ఫిజిక్స్‌లో పోయింది” అన్నాడు పెద్దాడు.

ఆ పరీక్ష అయి అప్పటికి రెండు వారాలు. రోజూ వాడి గది తలుపు దగ్గర నిలబడి “ఎలా రాశావురా” అంటే “బానే” అని లోపలి నుంచి వినపడేది. నేనూ అంతటితో తృప్తిపడి హాట్‌ప్యాక్ వైపు వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు మాట బల్ల మీద పడింది. ఎవరమూ ఎక్కడికీ వెళ్ళలేం, గొట్టాలు చల్లారిపోతాయి. మా ఆవిడ నావైపు చూసింది, ఏమీ అనకండి అన్న చూపు. నేను ఏదో అనబోయి నోట్లో ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

అమ్మే అంది. “మీ నాన్నకి ఆరో తరగతి లెక్కల్లో ఎన్నొచ్చాయో అడుగు.”

“ఎన్నొచ్చాయి?” అన్నారు పిల్లలిద్దరూ ఒక్కసారే.

చెప్పాల్సి వచ్చింది. మా ఆవిడకి నవ్వుతో పొలమారింది. ఆ అంకె ఇక్కడ అవసరం లేదు.

మెతుకులో మిగిలిన గట్టిదనమూ పలుకే, మాటా పలుకే. రెండింటికీ ఒకే పేరు ఎందుకొచ్చిందో భాష తెలిసినవాళ్ళు చెప్పాలి. అన్నం మెత్తగా ఉడికి హాట్‌ప్యాక్‌లో వెచ్చగా కూచున్న రాత్రుల్లో మాత్రం మా ఇంట్లో రెండూ వినపడేవి కావు. అన్నానిది తప్పని నేననను. అది ఆగుతుంది కదా అని దాన్ని ఆగనిచ్చింది మేమే.

బుధవారంతో ఇల్లు మారిపోయిందనీ చెప్పను. గురువారం మళ్ళీ హాట్‌ప్యాక్ పాలన. బల్ల మీదకి ఇస్త్రీ బట్టలు తిరిగొస్తాయి. బుధవారం కూడా తొమ్మిది దాటాక వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. అమ్మ గట్టు దగ్గర నిలబడి గుప్పెడు అన్నంలో మజ్జిగ కలుపుకుంటోంది. “ఎంత తిన్నా అది టిఫినేరా. అన్నం తినకపోతే తిన్నట్టుండదు” అంది, దొంగతనం పట్టుబడ్డట్టు. పక్కన గ్లాసులో చల్లారిన గంజి.

పోయిన బుధవారం వాన. ఆఫీసులో చివరి నిమిషంలో ఫైలొకటి వచ్చి పడింది. మెట్రో ఎక్కేసరికే ఏడు దాటింది. తలుపు దగ్గర ఇరుక్కుని, ఈ వారానికి ఇంతే, అన్నమే, అనుకుంటున్నాను. ఎర్రగడ్డ దాటుతుండగా ఫోను మోగింది. పెద్దాడి మెసేజి.

“ఎసరు పెట్టాను. ఎక్కడున్నావ్?”

ఎసరు. వాడి నోటి నుంచి గానీ వేలి నుంచి గానీ ఆ మాట నేనెప్పుడూ వినలేదు. రెండుసార్లు చదివాను. అంతలో ఇంకోటి వచ్చింది. “మరుగుతోంది. వేసెయ్యనా? నువ్వు వచ్చేదాకా పలుకు ఆగదని నానమ్మ చెప్పమంటోంది.”

భరత్‌నగర్, మూసాపేట, బాలానగర్, కూకట్‌పల్లి, ఆపైన మాది. పది నిమిషాలు. స్టేషన్ నుంచి ఇంటికి నడిస్తే ఇంకో ఏడు, పరిగెత్తితే నాలుగు.

“వెయ్యి, వస్తున్నా” అని కొట్టి, తలుపుకి ఇంకొంచెం దగ్గరగా జరిగాను.